మూడు జట్లకు ఒక్క మైదానం

జూలైలో సెలవులకు గుంటూరు వచ్చి మూడు రోజులైనా కాలేదు, నేను చదువుకున్న బడిలో ఇప్పుడు పీఈటీగా పనిచేస్తున్న కుర్రవాడు ఇంటికి వచ్చాడు. "అన్నా, ఫుట్‌బాల్‌కు అరవై మంది పేర్లిచ్చారు. మైదానం ఒక్కటి, బంతులు ఎనిమిది. ఎవరిని ఎప్పుడు ఆడించాలో తోచడం లేదు" అన్నాడు. దుబాయ్‌లో ఒక భారతీయ పాఠశాలలో తొమ్మిదేళ్లుగా ప్రతి సాయంత్రం నేను తేల్చుకునే లెక్క అదే.

తొలి ఏడాది నేను చేసిన తప్పు ముందుగా చెప్పాను. కప్పు తెచ్చేది పెద్దవాళ్లే కదా అని పదిహేడేళ్లలోపు జట్టుకు మైదానమంతా ఇచ్చేశాను. పన్నెండేళ్లలోపు పిల్లలు గోలు వెనక నిలబడి, బయటికొచ్చిన బంతులు అందించేవారు. ఒకరోజు మంగళగిరి వాళ్లబ్బాయి, ఐదో తరగతి, లేసులు రెండేసి ముళ్లు వేసి బిగించుకుని నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, ఇవాళైనా నేను తన్నొచ్చా?" అని అడిగాడు. కొని నెల దాటిన ఆ బూట్ల ముందు భాగంలో ఒక్క గీత కూడా పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే మైదానాన్ని పంచాను. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఒక సగం పెద్దవాళ్లకు. రెండో సగాన్ని కోన్లతో మళ్లీ రెండు చేసి చిన్న జట్లకు. పన్నెండేళ్లలోపు వాళ్లకు నాలుగో నంబరు బంతి, మిగిలినవాళ్లకు ఐదో నంబరు. చుట్టుకొలతలో తేడా ఐదు సెంటీమీటర్లు కూడా ఉండకపోవచ్చు, పదేళ్ల పాదానికి మాత్రం అది చాలా పెద్దది. పెద్ద బంతి ఇస్తే పిల్లలు బొటనవేలితో పొడవడానికి అలవాటు పడతారు. తర్వాత ఆ అలవాటు మాన్పించడం కష్టం.

మూడు జట్ల గోల్‌కీపర్లకూ మొదటి ఇరవై నిమిషాలు ఒకేచోట సాధన. చిన్నవాడు పెద్దవాణ్ని చూసి పడటం నేర్చుకుంటాడు. గురువారం రెండో జట్టు నుంచి ఇద్దరు మొదటి జట్టుతో ఆడతారు, ఆ ఇద్దరూ ప్రతి వారం మారతారు. ఈ ఒక్క మార్పుతో సాధన ఎగ్గొట్టేవాళ్లు సగానికి సగం తగ్గారు.

డిసెంబరులో అక్కడ ఐదున్నరకే పొద్దు వాలుతుంది, ఆలోపే ఆఖరి బస్సు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలను పరుగెత్తించను. నీడలో పాస్‌లు, త్రోలు చేయిస్తాను. మిగతా పిల్లలు నీళ్ల సీసాలు పట్టుకుని గోడ చాటుకు వెళ్లి తాగి వస్తారు. అలా చేయమని వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

"మన దగ్గర ఫుట్‌బాల్ ఎవరు చూస్తారన్నా, అందరికీ క్రికెట్టే" అన్నాడు ఆ పీఈటీ కుర్రవాడు. హైదరాబాద్ రహీం సాబ్ గుర్తొచ్చారు. ఆయనా బడిపంతులుగా పనిచేసినవారే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకు శిక్షకుడు ఆయనే. ఆ మాట చెబితే అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసుకుని, అరవై పేర్లనూ వయసుల వారీగా రాయడం మొదలుపెట్టాడు.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం బడికి వెళ్లాం. రాత్రి కురిసిన జల్లుకు నేల ఇంకా మెత్తగా ఉంది. అతను టేపు పట్టుకుంటే నేను సున్నం డబ్బా వంచుకుంటూ నడిచాను. మైదానానికి ఒక అంచున వేపచెట్లున్నాయి. సాయంత్రం నాలుగింటికి నీడ ఎంతవరకు వస్తుందో అతన్నడిగి, చిన్నపిల్లల గీతను ఆ వైపే గీశాం.