సముద్రం లేని పరలోకం

బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం 21వ అధ్యాయాన్ని నేను చిన్నప్పటి నుంచి ఎన్ని సమాధి కార్యక్రమాల్లో విన్నానో లెక్క చెప్పలేను. "క్రొత్త ఆకాశమును క్రొత్త భూమిని చూచితిని" అనే మాట దగ్గరే మనసు నిలిచిపోతుంది కాబట్టి, అదే వచనం చివర ఉన్న "సముద్రమును ఇకను లేదు" అనే చిన్న వాక్యాన్ని నేను ఏనాడూ ఆగి చదవలేదు. దాని దగ్గర నన్ను ఆపినవారు అంతర్వేదికి ఇవతల, వశిష్ఠ గోదావరి మొగకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో, చిరిగిన వలను బాగుచేసుకుంటూ వాక్యం వింటున్న ఒక మామ్మగారు.

అది మే నెల. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మగవాళ్లు కూడా ఇళ్ల దగ్గరే ఉన్నారు, సాయంత్రపు కూడికకు అరుగు నిండా జనం వచ్చారు. బడిపంతులుగా పనిచేసి మానుకున్న నన్ను పరలోకం గురించి చెప్పమన్నారు. ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి, సూర్యకాంతపు ప్రాకారం అంటూ నేను హుషారుగా చెప్పుకుపోతున్నాను. మామ్మగారు తల ఎత్తకుండానే "సముద్రవే లేకపోతే అక్కడ మేవేం చేస్తావండీ మాస్టారూ?" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వి, అక్కడ ఆకలే ఉండదు కాబట్టి వేటతో పని ఉండదని చెప్పి గట్టెక్కాను. ఆవిడ అడిగింది తిండి గురించి కాదని ఇంటికి చేరేలోగానే నాకు అర్థమైంది.

ఆ రాత్రి మళ్లీ పుస్తకం తెరిచి, మొదటి అధ్యాయం మొదటి వచనం నుంచి చదివాను. దేవుడు తన దూతను పంపి ఈ సంగతులను యోహానుకు "సూచించెను" అని అక్కడే ఉంది. అంటే ఈ పుస్తకం తనను గుర్తుల ద్వారా చదవమని గడపలోనే చెబుతోంది. నేను మాత్రం ఆ దర్శనంలోని పట్టణమైన కొత్త యెరూషలేమును ఇంటి ప్లానులా వివరిస్తూ వచ్చాను. పట్టణం కొలత "ఏడు వందల ఏబది కోసులు" అని మన తెలుగు బైబిలులో ఉంటే, దాన్ని కిలోమీటర్లలోకి మార్చి సండేస్కూలు పిల్లలకు బల్ల మీద రాసి చూపించిన ఘనత కూడా నాదే. గ్రీకు మూలంలో ఉన్నది పన్నెండు వేల స్తాదియలు. పన్నెండు గోత్రాలు, పన్నెండుమంది అపొస్తలులు, పన్నెండు గుమ్మాలు, పన్నెండు పునాదులు అంటూ సాగే వర్ణనలో ఆ పన్నెండు వేలు కూడా ఒక లంకె. మనకు దూరం తెలియాలని అనువాదకులు దాన్ని కోసుల్లోకి మార్చారు, దూరం తెలిసింది గానీ పన్నెండు జారిపోయింది. ప్రాకారం కొలతను మాత్రం నూట నలుబది నాలుగు మూరలుగానే ఉంచారు కాబట్టి పన్నెండు పన్నెండ్ల లెక్క అక్కడ బతికింది. సుమారు 2,200 కిలోమీటర్ల ఎత్తున్న పట్టణానికి నూట నలభై నాలుగు మూరల గోడ కట్టమంటే ఏ మేస్త్రీ అయినా నవ్వుతాడు. అది కట్టడానికి ఇచ్చిన కొలత కాదు.

ఈ పట్టణంలాగే పొడుగు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న చోటు లేఖనాల్లో మరొకటి ఉంది. రాజుల మొదటి గ్రంథం 6వ అధ్యాయంలో సొలొమోను కట్టించిన మందిరపు గర్భాలయం ఇరవై మూరల పొడుగు, ఇరవై మూరల వెడల్పు, ఇరవై మూరల ఎత్తు. ఆ అధ్యాయంలోనే మందిరపు నేలకు బంగారం పొదిగించారని కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే బంగారు వీధి నగల దుకాణపు వైభవంలా కనిపించడం మానేస్తుంది. అది గర్భాలయపు నేల. పట్టణమంతా గర్భాలయమైపోయింది కాబట్టే "దానిలో ఏ దేవాలయమును నాకు కనబడలేదు" అని యోహాను రాశాడు. ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజు మాత్రమే తెర దాటి వెళ్లిన చోట ఇప్పుడు అందరూ కాపురం ఉంటారు, అతని నొసట కట్టిన బంగారు రేకు మీద ఉన్నట్టే వాళ్ల నొసళ్ల మీద ఆయన నామం ఉంటుంది. మూడేసి గుమ్మాల చొప్పున నాలుగు దిక్కులా తెరిచి ఉంచిన ఈ పట్టణం, గుడి గడప దాటే హక్కు లేకపోయిన తాతముత్తాతల మనవలకు ఎలా వినిపిస్తుందో మన డెల్టాలో నేను వివరించనక్కరలేదు. ఇక పునాదుల్లోని పన్నెండు రాళ్లు ప్రధాన యాజకుడు రొమ్మున ధరించే పతకాన్ని గుర్తుచేస్తాయని చెప్పి వదిలేస్తాను, రాయికొక గుణం చొప్పున అంటగట్టే ప్రసంగాలు నాకు రుచించవు.

నది దగ్గరికి వస్తే మనవాళ్లకు వ్యాఖ్యానం అక్కరలేదనిపిస్తుంది. జీవవృక్షం నదికి ఈవలా ఆవలా ఉండి "నెలనెలకు ఫలించుచు పండ్రెండు కాపులు కాయును" అని చదివినప్పుడల్లా కోనసీమ రైతుకు కాలువగట్టు మీద కొబ్బరిచెట్టు కళ్లకు కడుతుంది, ఎందుకంటే నెలకొక ఆకు, ఆకుకొక గెల చొప్పున వేసే చెట్టు మనకు అదే. ఆ పోలికను నేను కాదనను. అయితే ఈ చిత్రం యోహానుకు యెహెజ్కేలు గ్రంథం 47వ అధ్యాయం నుంచి వచ్చింది, అక్కడ చెట్టు కంటే నీరే ఆశ్చర్యకరమైనది. మందిరపు గడప కింద నుంచి నీరు ఊరుతుంది. కొలనూలు పట్టుకున్న మనిషి వెయ్యి మూరలు కొలిచేసరికి చీలమండ లోతు, మరో వెయ్యికి మోకాలి లోతు, మరో వెయ్యికి మొలలోతు, ఆపైన దాటలేని ఏరు. మధ్యలో ఏ ఉపనదీ కలిసినట్టు లేదు. మన కాలువలు దీనికి సరిగ్గా తలకిందులు. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ధవళేశ్వరం దగ్గర నిండుగా బయలుదేరిన నీరు లాకులు దాటుతూ, బోదెల్లోకి చీలుతూ, శివారు భూములకు చేరేసరికి చీలమండ తడపడమే గొప్ప. వంతులవారీ నీటి కోసం రాత్రంతా తూము దగ్గర కాపలా పడుకున్న శివారు రైతు ఈ అధ్యాయాన్ని చదివితే, పంచుకున్న కొద్దీ తగ్గని దానం గురించి ప్రవక్త మాట్లాడుతున్నాడని నాకంటే ముందే గ్రహిస్తాడు.

ఆ నీరు ఎక్కడికి పోతుందన్నదే మామ్మగారి ప్రశ్నకు దారి. అది చేపే బతకని ఉప్పు సముద్రంలో, అంటే మృత సముద్రంలో, కలిసి దాన్ని మంచినీరు చేస్తుంది, ఏన్గెదీ నుంచి ఏనెగ్లాయీము వరకు జాలరులు ఒడ్డున నిలబడి వలలు వేస్తారు, రకరకాల చేపలు పడతాయి. యెహెజ్కేలు చూసిన దాంట్లో సముద్రం బాగుపడింది, యోహాను చూసిన దాంట్లో సముద్రమే లేదు. పటాలుగా చూస్తే ఈ రెంటిలో ఒకటి తప్పు కావాలి. గుర్తులుగా చూస్తే రెండూ చెప్పేది ఒకటే: చంపే నీటికి ఇక చంపే శక్తి లేదు. చౌడు నేలలో మొక్క బతికించడానికి తంటాలుపడిన మనకు, ఆ బురద నేలలు ఉప్పుగానే మిగిలిపోతాయని యెహెజ్కేలు ఒక్క మాట చేర్చడం మాత్రం కొంచెం కష్టంగానే ఉంటుంది.

యోహాను పత్మాసు ద్వీపంలో ఉన్నాడు, తన సంఘాలకూ తనకూ మధ్య ఉన్నది సముద్రం. దానియేలు ప్రవక్త చూసిన నాలుగు మృగాలు సముద్రం నుంచే పైకి వచ్చాయి, 13వ అధ్యాయంలో యోహాను చూసిన మృగమూ అక్కడి నుంచే వచ్చింది. 18వ అధ్యాయంలో బబులోను కూలినప్పుడు ఏడ్చేవాళ్లలో ఓడల యజమానులున్నారు, ఆ వర్తకుల సరుకుల జాబితా బంగారంతో మొదలై మనుషుల ప్రాణాలతో ముగుస్తుంది. ఇక ఉండవని చివరి రెండు అధ్యాయాలు చెప్పే వాటిని వరుసగా రాసుకున్నాను: సముద్రం, మరణం, దుఃఖం, ఏడ్పు, వేదన, శాపం, రాత్రి. ఆ వరుసలో సముద్రం పేరు మొదట ఉంది. అక్కడ కొట్టేసినది పొద్దున్నే పడవ తోసే నీటిని కాదు.

మరుసటి వారం మళ్లీ ఆ పల్లెకు వెళ్లాను. ఈ మధ్యలో తెలిసిందేమిటంటే, 1996 నవంబరు 6 నాటి తుఫానులో వేటకు వెళ్లిన మామ్మగారి పెద్దకొడుకు తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి సమాధి లేదు. ఈస్టరు తెల్లవారుజామున ఊరంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆవిడ ఇసుకలో వట్టి చేతులతో కూర్చుంటారు, అక్కడి గాలికి దీపం నిలవదు. ఆ సాయంత్రం నేను బంగారు వీధి ఊసెత్తలేదు. "సముద్రమును ఇకను లేదు" అనే మాటకు మూడు వచనాల ముందున్న 20వ అధ్యాయం 13వ వచనాన్ని చదివాను: "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను."

ఆవిడ చేతిలో వల ఆగింది. "ముందు అప్పగించేసి, ఆనక పోతాదన్నమాట" అన్నారు. అవునండీ, రాసిన వరుస అదే అన్నాను. ఆవిడకు చదువు రాదు, బైబిలు మాత్రం గుడ్డలో చుట్టి పక్కనే ఉంచుకుంటారు. దాన్ని నా చేతికిచ్చి, జానెడు వల దారం పళ్లతో తెంపి, ఆ పేజీలో పెట్టమన్నారు.