తేదీ చెప్పు నాన్నా

"నువ్వు తేదీ చెప్పట్లేదు నాన్నా. సీజన్ అయిపోవాలని చూస్తున్నావు."

మా పాప ఈ మాట కోపంగా అనలేదు. పెరుగన్నంలో ఆవకాయ ముక్క నంజుకుంటూ, తలెత్తకుండా అంది. నాకు ముద్ద దిగలేదు. అప్పటికి 2025 అక్టోబర్ రెండో వారం నడుస్తోంది. పోస్టులో వచ్చిన తన డో ట్యాగ్, అంటే ఆడజింకను వేటాడటానికిచ్చే అనుమతి చీటీ, వేసవి నుంచీ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. నేను రోజూ దాన్ని చూస్తూనే పాలు తీసుకుంటున్నాను, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

మేముండేది అమెరికాలో, వయోమింగ్ రాష్ట్రంలోని కాస్పర్. ఇక్కడ పన్నెండేళ్లు నిండిన పిల్లలు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పాసైతే యాంటిలోప్ (జింకలాంటి ఇక్కడి జంతువు) వేటకు లైసెన్సు అడగొచ్చు. పాపకు పదమూడు. స్నేహితురాళ్లతో కలిసి ఆ క్లాసుకు వెళ్లింది, పాసైంది, ఆడజింక లైసెన్సుకు దరఖాస్తు పెడతానంది. నేను సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో ఇక్కడే చెప్పాలి. లాటరీలో పేరు రాకపోతే కాదనే పని నాకు తప్పుతుందనుకున్నాను. పేరు వచ్చింది.

ఇక మిగిలింది ఎప్పుడు వెళ్లాలన్నది. వయోమింగ్‌లో ఒక్కో హంట్ ఏరియాకు తేదీలు వేరు. కొన్ని చోట్ల సెప్టెంబర్‌లోనే తెరుస్తారు. మాకు దొరికిన చోట అక్టోబర్ 1 నుంచి నెలాఖరు దాకా. తేదీల విషయం నేను చూస్తానని పాపకు మాటిచ్చాను.

ఆ మాటను ఎలా వాడుకున్నానో వరసగా చెప్తాను. అక్టోబర్ 1 బుధవారం, బడి ఉంది, పైగా మహర్నవమి. 2న దసరా. 4న శనివారం ఎండగా ఉంది, మాంసం పాడవుతుందన్నాను. 11న నాకు ఆఫీసులో ఆన్‌కాల్. 18న గాలి ఎక్కువ, గురి కుదరదన్నాను. 22 నుంచి కార్తీకం. ఇక నెల అయిపోయినట్టే.

వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే వాటి వెనక దాక్కోవడం నాకు సులువైంది.

పక్కింటి పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఈ చుట్టుపక్కల పబ్లిక్ ల్యాండ్ అంతా ఆయనకు అరచేతిలో ఉన్నట్టే. ట్రక్కు బానెట్ మీద మ్యాప్ పరిచి, సీజన్‌లో ఏ వారానికి ఏ గుణముందో పాపకూ నాకూ విడమర్చి చెప్పారు. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

తొలిరోజుల్లో జంతువులు ఇంకా మనిషికి బెదిరి ఉండవు. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకా వాటికి జతకట్టే కాలం. మగవి ఆడవాటి వెంట తిరుగుతూ ఒళ్లు మరిచి ఉంటాయి. కానీ పబ్లిక్ ల్యాండ్‌లో ఆ రోజుల్లో మనమొక్కళ్లమే ఉండం. ప్రతి బండిదారిలోనూ ఒక ట్రక్కు, ప్రతి గుట్ట మీదా ఒక బైనాక్యులర్. ఒకరు తరిమిన మంద ఇంకొకరి ముందుకు పరిగెడుతుంది. పదమూడేళ్ల పిల్లకు మొదటిసారి ఆ హడావుడి మంచిది కాదు. ఇక ఎండ సంగతి. యాంటిలోప్ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. చలికాలంలో దాన్ని కాపాడేది అదే. చచ్చాక ఒంట్లో వేడిని బయటికి పోనివ్వనిదీ అదే. ఈ మాంసం వాసనొస్తుందని ముఖం చిట్లించేవాళ్లు ఇక్కడ చాలామంది. పెద్దాయన మాట ప్రకారం ఆ వాసన జంతువుది కాదు, తోలు తీయకుండా ట్రక్కులో వేసుకుని మధ్యాహ్నం దాకా ఊరేగించిన వాడిది.

వారం పది రోజులయ్యేసరికి జనం పలచబడతారు. కానీ జంతువులు ఈలోపు నేర్చుకుంటాయి. మైలు దూరంలో ట్రక్కు తలుపు తెరుచుకుంటే తలెత్తి చూస్తాయి. పిరుదుల మీది తెల్లవెంట్రుకలు విప్పారాయంటే ఇక ఆ పూటకు అంతే. కొన్ని ప్రైవేటు గడ్డిచేలలోకి పోయి కూర్చుంటాయి. రైలుదారికి అటూ ఇటూ ఉన్న నేలను 1860లలో ఒక గడి విడిచి ఒక గడి రైలు కంపెనీకిచ్చారు. అందుకే దక్షిణ వయోమింగ్ మ్యాప్ చాలాచోట్ల చదరంగం బల్లలా ఉంటుంది. ఒక పబ్లిక్ గడి మూల నుంచి ఇంకో పబ్లిక్ గడి మూలకు, ప్రైవేటు నేల ముట్టకుండా అడుగువేస్తే తప్పు కాదని 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. మేం వెళ్లేచోట అలాంటి మూలలేమీ లేవు. అయినా ఆ తీర్పును కూడా నేను ఒక సాయంత్రం సాకుగా వాడాను, ఇంకా గొడవలు తేలలేదు చూద్దామంటూ.

నెల చివరికొచ్చేసరికి చలి, ఖాళీ. విడివిడిగా తిరిగినవి పెద్ద మందలుగా కూడతాయి. కాపు కాసే కళ్లు ఎక్కువవుతాయి కాబట్టి దగ్గరికి పోవడం కష్టం, కానీ మాంసానికి ఇంతకంటే మంచి రోజులుండవు. భయమల్లా వానకో మంచుకో తడిసిన మట్టిదారి. ఇక్కడ దాన్ని గంబో అంటారు. మొదటిసారి అందులో నా బూటు ఇరుక్కున్నప్పుడు నంద్యాల వైపు నల్లరేగడి గుర్తొచ్చింది. అదే జిగట, అడుగడుక్కూ కాలు బరువెక్కడం.

పాపకు తొలి శనివారాలు వద్దు, మూడో వారం తర్వాతే మేలని పెద్దాయన తేల్చారు. ఆ మాట విని నాకు ఊపిరి వచ్చింది. సరైన సలహా దొరికిందని కాదు, ఇంకా మూడు వారాలు గడువు దొరికిందని.

ఎందుకీ భయం? మాది రోళ్లపాడు దగ్గరి ఊరు. బట్టమేక పిట్ట కోసం అక్కడ అభయారణ్యం పెట్టారు. పిట్టలు తగ్గిపోయాయి, ఆ కాపుదలలో కృష్ణజింకలు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు అది. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, కొడితే జైలే. మా నాయన శనగచేలో మంచె మీద కూర్చుని డబ్బా కొట్టేవాడు. ఒడిసెలలో మట్టిబెడ్డ పెట్టి విసిరేవాడు, తగలకుండా, ముందు పడేలా. ఒక తెల్లవారుజామున నేను చద్ది తీసుకుపోయేసరికి రెండెకరాలు మేసి పోయాయి. ఆయన గట్టు మీద కూర్చుని కొరికిన మొక్క కాడను వేళ్లతో తిప్పుతున్నాడు. జింకలకు ఉచ్చు పెడదామని ఎవరో అన్నారు. వద్దన్నాడు. నేను ఆ రోజు ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. వాటిని చంపాలనే అనిపించింది, పన్నెండేళ్ల నాకు. ఈ సంగతి పాపకు ఎప్పుడూ చెప్పలేదు. "మనం జింకల్ని ఏమీ అనం తల్లీ" అని మాత్రమే చెప్తూ పెంచాను.

ఇక్కడి యాంటిలోప్‌కూ మన కృష్ణజింకకూ చుట్టరికం లేదు. దీని అసలు పేరు ప్రాంగ్‌హార్న్. నిజానికి ఇది యాంటిలోపే కాదు, తన కుటుంబంలో బతికి మిగిలిన ఒకే ఒక్క జాతి. కృష్ణజింక కొమ్ము జీవితాంతం ఉంటుంది, ఇది మాత్రం కొమ్ము పైతొడుగును ఏటా రాల్చుకుంటుంది. ఇన్ని ఏ రాష్ట్రంలోనూ లేవు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ బంగారు గోధుమరంగు ఒళ్లు, తెల్లపొట్ట, ఆ పరుగు చూస్తే నేను మళ్లీ చద్దిగిన్నె పట్టుకుని గట్టు మీద నిలబడతాను.

ఇంత మాత్రానికి నేనేదో అహింసావాదినని ఎవరూ అనుకోవద్దు. మా ఇంట్లో ఆదివారం మాంసం లేకుండా గడవదు. పెద్దాయన ఏటా ఇచ్చే యాంటిలోప్ మాంసాన్ని అల్లంవెల్లుల్లి, ధనియాలు, గసగసాలు వేసి నేనే వండుతాను. ఎవరో కొట్టింది వండగలిగినవాణ్ణి, నా కూతురు కొట్టేది చూడలేకపోయాను. కార్తీకం సంగతి మరీ దారుణం. మేం సోమవారాలు మానేస్తాం, అంతే. అంతకుముందు ఏడాది కార్తీకంలో డెన్వర్ వెళ్లినప్పుడు నేను చికెన్ బిర్యానీ తిన్నాను, పాప పక్కనే కూర్చుని ఉంది. "ఆ రోజు కూడా కార్తీకమే కదా నాన్నా?" అని ఇప్పుడడిగింది. అబద్ధం చెప్పడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నానని దానికి అర్థమైంది. నాకు ఎక్కువ నొప్పి కలిగించింది అదే. మన పండుగలు, మన నెలలు నేనే కదా తనకివ్వాల్సింది. వాటిని ఇలా అడ్డుగోడలుగా ఇచ్చానే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేశాను. కార్తీకంలో వద్దు అని అమ్మ నోట వస్తే చాలు, నా పని అయిపోతుందనుకున్నాను. అమ్మ అంతా విన్నది. మనవరాలిని పిలవమంది.

"ఏమి పాపా, ఆడదాన్ని కొడతావంటనే. దాని పిల్లలు పాలు మరిసినాయా లేదా, అది అడిగినారా?"

నేను గుటక వేశాను. పంచాంగం చూశాను, వాతావరణం చూశాను, కోర్టు తీర్పు కూడా చదివాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

"అడిగాను నానమ్మా, క్లాసులోనే అడిగాను. మే నెలాఖర్లో, జూన్‌లో పుడతాయి. ఇప్పుడు వాటంతటవే మేస్తున్నాయి. అయినా పిల్ల వెనకాల ఉన్నదాన్ని కొట్టను."

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాతో, "దానికి తెలుసు నాయనా, నువ్వు తోడు పో" అంది. చలికి పాపకు చెవులు కప్పమంది. కార్తీకం మాటే ఎత్తలేదు. నేను ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, ట్యాగ్ తీసి బల్ల మీద పెట్టాను. 25, శనివారం అన్నాను.

ఇంకా చీకటి ఉండగానే బయల్దేరాం. సూర్యుడు రావడానికి అరగంట ముందు నుంచీ కాల్చడానికి అనుమతి. అయినా పెద్దాయన బాగా వెలుగొచ్చేదాకా కదలనివ్వలేదు. నారింజరంగు చొక్కా పాపకు మోకాళ్లదాకా ఉంది. సేజ్‌బ్రష్ పొదల మధ్య మోచేతుల మీద పాకుతూ పోయాం. నేలబారు ముళ్లజెముడు పాప అరచేతిలో గుచ్చుకుంది. పళ్లతో లాగి పారేసి మళ్లీ పాకింది. మంద కనబడింది, ఇరవై దాకా ఉంటాయి. పాప పడుకుని రైఫిల్‌ను సంచి మీద ఆనించింది. దగ్గర్లోనే ఒక ఆడది అడ్డంగా నిలబడింది. కాల్చొచ్చు, పెద్దాయన కూడా తలూపారు. పాప కాల్చలేదు. ఒక నిమిషానికి దాని వెనక నుంచి పొట్టిముఖం పిల్ల బయటికొచ్చి తల్లి పక్కకు ఒళ్లు రుద్దుకుంది. పాప గొట్టం జరిపింది. ఇరవై నిమిషాలు. నా మోకాళ్ల కింద నేల గడ్డకట్టి ఉంది. పాప లేచి "ఇంటికి పోదాం నాన్నా" అంటుందేమోనని ఆ ఇరవై నిమిషాలూ ఆశపడ్డానని ఒప్పుకోవాలి.

విడిగా మేస్తున్న ఒకటి పక్కకు తిరిగింది. ఒకటే చప్పుడు. నాలుగు గెంతులు గెంతి పడిపోయింది.

మేం దగ్గరికి వెళ్లేసరికి కళ్లు తెరిచే ఉన్నాయి, నల్లగా, చాలా పెద్దగా. వెనక్కి వాలిన పొడుగు రెప్పవెంట్రుకలు. మెడ మీద చేయి వేస్తే బోలు వెంట్రుకలు కొన్ని నా వేళ్లకు ఊడొచ్చాయి. మేక వాసనా సేజ్ వాసనా కలిసినట్టుంది. పాప ఏడ్చింది, చప్పుడు లేకుండా. దగ్గరికి తీసుకోబోతే తల అడ్డంగా ఊపి ట్యాగ్ తీసింది. అక్కణ్ణుంచి కదిలే ముందే తేదీ వేసి సంతకం పెట్టాలి. చలికి పెన్ను రాయలేదు. నేను అరచేతుల మధ్య పెట్టి రుద్ది ఇచ్చాను. రాసింది. తర్వాత కత్తి పట్టుకుంది, నేను వెనక్కాలు పట్టుకున్నాను. నాలుగు కాళ్లు, వీపు కండలు, నడుం లోపలి కండలు, చట్టం తీసుకుపొమ్మన్నదేదీ అక్కడ వదల్లేదు. గంటలోపు అంతా ఐసు పెట్టెలో ఉంది.

నవంబర్ 20 దాకా వండలేదు. అది పాప పెట్టిన షరతు. కార్తీకమని నువ్వే అన్నావు కదా, ఆగుదాం అంది. దెప్పిపొడవడానికి కాదు, నిజంగానే అంది. నేను సగం పాటించి సగం వదిలేసిన నెలను తను మొత్తం పాటించింది. సోమవారాలే కాదు, నెలంతా. నేనూ పాటించాను.

పిల్లలకు తేదీ చెప్పండి, ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పండి అని ఇక్కడ రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. నేను మొదటి రోజే వద్దు అని నిజం చెప్పి ఉంటే తను ఊరుకునేదేమో. అప్పుడు నానమ్మ ప్రశ్న, ఆ ఇరవై నిమిషాలు, ఆ నెల ఏవీ ఉండేవి కావు. అలాగని దాటవేసింది మంచిదయిందనీ అనలేను. పాప ఇప్పటికీ నేనేదైనా చూద్దాంలే అంటే ఒక క్షణం నా ముఖంలోకి చూస్తుంది.

ఈ ఏడాది దరఖాస్తు గడువు దగ్గరపడుతోంది. ఈసారి నన్ను కూడా పెట్టమంటోంది, ఒకే ఏరియా, ఒకే శనివారం. 2022–23 చలికాలం రాష్ట్రంలో పడమటి వైపు ఎన్ని జంతువుల్ని చంపిందో, లైసెన్సులు ఎందుకు తగ్గించారో తనే చదివి చెప్పింది. మంద కోలుకున్నచోటే అడుగుదామంటోంది. తన దరఖాస్తు నింపింది. నాది కూడా పేరు, పుట్టినతేదీ దాకా తనే నింపి నా ముందు పెట్టింది.

నిన్న రాత్రి మా నాయన గురించి, ఆ శనగచేను గురించి, నాకొచ్చిన కోపం గురించి తనకు మొదటిసారి చెప్పాను. అంతా విని, "తాత ఎందుకు వద్దన్నాడు?" అని అడిగింది. నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.