లంచం కేసుల్లో కదలని ఫైళ్ళు

ఏసీబీకి పట్టుబడిన ఉద్యోగి మళ్ళీ డ్యూటీలో చేరితే జనం "డబ్బులిచ్చి మేనేజ్ చేసుకున్నాడు" అంటారు. ఓ జిల్లా ఆఫీసులో ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూసినదాన్ని. మేనేజ్ చేయాల్సిన అవసరం కూడా లేకుండా, ఆలస్యమే వాళ్ళను కాపాడడం నా కళ్ళారా చూశాను.

రూల్స్ మెత్తగా ఏమీ లేవు. ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యలకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన 1991 సీసీఏ రూల్స్ ప్రకారం లంచం తీసుకున్నట్టు విచారణలో రుజువైతే ఇంక్రిమెంట్ కోతతో సరిపెట్టకూడదు, రిమూవ్ లేదా డిస్మిస్ చేయాలి, రెండిట్లోనూ ఉద్యోగం పోతుంది. డిస్మిస్ అయినవాడికి సాధారణంగా మరో ప్రభుత్వ ఉద్యోగం రాదు. కోర్టు శిక్ష వేరే. అవినీతి నిరోధక చట్టం కింద కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 7 ఏళ్ళ జైలు.

మా సెక్షన్‌కి ఒక ట్రాప్ కేసు, అంటే ఏసీబీ వల పన్ని పట్టుకున్న కేసు ఫైలు వచ్చింది. పాస్‌బుక్‌లో పేరు ఎక్కించడానికి రైతు దగ్గర డబ్బు తీసుకుంటూ ఓ ఉద్యోగి దొరికాడు. పట్టుకునేటప్పుడు సాక్షులుగా ఉన్న మధ్యవర్తుల రిపోర్టు మొత్తం చదివాను. నోట్ల నంబర్లు వరుసగా రాసి ఉన్నాయి. ముట్టుకున్న చేతిని పట్టించే పౌడర్ ముందే పూసిన ఆ నోట్లు ఏ జేబులో దొరికాయో ఉంది. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళలో అతని కుడిచేతి వేళ్ళు ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరిగాయని ఉంది. అంత స్పష్టంగా ఉన్నా పైవాళ్ళు "కోర్టు తీర్పు వచ్చాక చూద్దాం" అని నోట్ రాసి పక్కన పెట్టేశారు. ఈలోగా సస్పెన్షన్ ఎత్తేశారు, పోస్టింగ్ ఇచ్చేశారు. ఆ రైతు మాత్రం పనులు మానుకుని సాక్ష్యం కోసం వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నిజానికి కోర్టు కోసం ఆగి తీరాలని ఎక్కడా లేదు. శాఖాపరమైన విచారణ, క్రిమినల్ కేసు రెండూ ఒకేసారి నడవొచ్చని 1999లోనే పాల్ ఆంథోనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కోర్టు అడిగేంత గట్టి రుజువు కూడా అక్కర్లేదు.

తప్పుడు ఫిర్యాదులో ఇరుక్కున్నవాళ్ళూ ఉంటారు. సస్పెన్షన్‌లో ఇచ్చే సగం జీతంలాంటి జీవనభృతితో ఇల్లు నెట్టుకొస్తూ, బంధువుల ముందు తలెత్తుకోలేక ఏళ్ళు గడపడం మామూలు నరకం కాదు. వాళ్ళకైనా కావాల్సింది త్వరగా తేలడమే. ఆరోపణలు రాసి ఇచ్చే ఛార్జ్ మెమో ఇవ్వకుండా 3 నెలలకు మించి సస్పెన్షన్‌లో ఉంచకూడదని 2015లో సుప్రీంకోర్టు అన్నది కూడా అందుకే.

మా ఫైలులోని ఉద్యోగి తీర్పు రాకముందే రిటైరయ్యాడు. ఉద్యోగమే లేనివాణ్ణి డిస్మిస్ చేయలేరు. ఇక మిగిలింది 1980 పెన్షన్ రూల్స్ కింద పెన్షన్ కోత. దానికి ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. నేను రిటైరయ్యేనాటికి ఆ ఉత్తర్వు రాలేదు.