చెప్పుల చప్పుడు

ఆదివారం, రాత్రి

నేను రాస్తున్న నవలలో క్రాస్ ఎగ్జామినేషన్ సీను, అంటే అవతలి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నించే సీను, ఇవాళ ఒక కొలిక్కి వచ్చింది. పొద్దున బట్టలు ఉతికి ఆరేశాను, సాయంత్రం చెల్లెలితో ఫోన్లో చాలాసేపు మాట్లాడాను. మిగతా రోజంతా కోర్టు హాల్లోనే ఉన్నట్టుంది. కిటికీ బయట వాన పడి వెలిసిన సంగతి కూడా తడిసిన బట్టలు చూశాకే తెలిసింది.

నవలలో కేసు ఇదీ. ఒక అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండే పెద్దాయన హత్యకి గురయ్యాడు. ముద్దాయి లిఫ్ట్ మెకానిక్. కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. చెవులారా విన్నవాడు మాత్రం ఒకాయన ఉన్నాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ. ఆ రాత్రి మెట్లు దిగిపోతున్న చెప్పుల చప్పుడు విన్నాననీ, ఆ మెకానిక్ కాలీడ్చుకుంటూ నడుస్తాడు కాబట్టి కళ్లు మూసుకునైనా గుర్తుపడతాననీ వాంగ్మూలం ఇచ్చాడు. అదే వాంగ్మూలంలో, ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కూడా అన్నాడు. ఆ సాయంత్రం మ్యాచ్ చూస్తున్నాడట. టీవీ మోతలో, బయటినుంచి వచ్చిన భార్య కాలింగ్ బెల్ ఎన్నిసార్లు కొట్టినా వినపడలేదట. దాని మీద ఇంట్లో పెద్ద గొడవైందట. అందుకే ఆ రాత్రి సంగతులన్నీ తనకి బాగా గుర్తున్నాయట.

నా డిఫెన్స్ లాయరు మాటకారి. అలాంటి లాయరు ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టకుండా ఉండగలడా? రాసుకున్నది ఇక్కడ కొంచెం దించుకుంటున్నాను.

"మీ ఆవిడ బెల్లు కొట్టారు."

"కొట్టింది సార్."

"ఒక్కసారి కాదు."

"చాలాసార్లు కొట్టానంది."

"మీకు వినపడలేదు."

"మ్యాచ్ చివర్లో ఉంది సార్, సౌండ్ పెట్టుకున్నాను."

"ఆ బెల్లు ఎక్కడుంది?"

"హాల్లోనే. టీవీ పైన గోడకి."

"తల మీద మోగిన బెల్లు వినపడలేదు. రెండంతస్తుల కింద చెప్పుల చప్పుడు వినపడింది. ఆ చెప్పులు ఏ కంపెనీవో కనుక్కోండి సార్, మీ ఆవిడకి ఒక జత కొనిపెడదాం. ఇక బెల్లుతో పనుండదు."

పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, "అబ్జెక్షన్" అంటూ లేస్తాడు. లాయరు "ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను" అంటాడు. ప్రశ్న వెనక్కి పోతుంది గానీ నవ్వు పోదు. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లు నవ్వుతున్నారు, బెంచి క్లర్కు తల దించుకున్నాడు, జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు.

ఈ సీను నాకు ఇష్టమైంది చెప్పుల జోకు వల్ల కాదు. కోర్టంతా నవ్వుతున్న ఆ క్షణంలో లాయరు ఒక్కడికే లోపల వణుకు పుడుతోంది. ఎందుకంటే అతని ఫైల్లో ఒక కాగితం ఉంది. మ్యాచ్ అయిపోయిన కాసేపటికి ఆ వీధిలో కరెంటు పోయింది. పావుగంట పోయింది. టీవీ లేదు, ఫ్యాన్లు లేవు, బిల్డింగంతా నిశ్శబ్దం. అలాంటప్పుడు రెండంతస్తుల కింద చెప్పులేమిటి, చీపురుపుల్ల పడినా వినపడుతుంది. బెల్లు మోగింది కరెంటు పోకముందు. చప్పుడు వినపడింది పోయాక కావచ్చు. సెక్రటరీకి ఆ సంగతి గుర్తు రాలేదు. పెళ్లాంతో గొడవే గుర్తుండిపోయింది. ఇప్పుడు లాయరు ఆవేశపడి "మరి మీకెలా వినపడిందండీ?" అని ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగాడా, ఆయన బుర్ర గోక్కుని "అవునండోయ్, అప్పుడు కరెంటు లేదు కదా" అంటాడు. అంతే, కేసు అక్కడితో సరి.

లాయర్లు తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. కొట్లాటలో ఒకడి ముక్కు కొరికేశాడని కేసు. కొరకడం నువ్వు చూశావా అని లాయరు అడిగితే, లేదండీ అన్నాడు సాక్షి. అక్కడ కూర్చుంటే సరిపోయేది. కూర్చోకుండా "మరి ఇతనే కొరికాడని ఎలా చెబుతావు?" అన్నాడు. "ఉమ్మేయడం చూశాను" అన్నాడు సాక్షి. నవ్వొచ్చే కథే గానీ అందులో ముద్దాయి వైపు నుంచి చూస్తే గుండె జారిపోతుంది. నవ్వించే లీగల్ థ్రిల్లర్ అంటే నాకు ఇదే. నవ్వు ఒక పేజీలో, టెన్షన్ ఇంకో పేజీలో ఉంటే అవి రెండు పుస్తకాలు. ఒకే వాక్యానికి కోర్టు నవ్వాలి, చదివేవాళ్లకి మాత్రం అరచేతులు చెమట పట్టాలి.

మధ్యాహ్నం కాసేపు లింకన్ వాదించిన హత్య కేసు వివరాలు మళ్లీ చదువుకున్నాను. అమెరికా అధ్యక్షుడు కాకముందు ఆయన ఇలినాయ్‌లో ప్రాక్టీసు చేసే లాయరు, కబుర్లు చెప్పి నవ్వించడంలో పేరున్నవాడు. 1858 మే 7న బియర్డ్స్‌టౌన్‌లో డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కుర్రాడి తరఫున నిలబడ్డాడు. ఆ కుర్రాడి అమ్మానాన్నలు తన పాత స్నేహితులు, అందుకని ఫీజు కూడా తీసుకోలేదు. అంతకుముందు ఏడాది ఆగస్టు చివర్లో, రాత్రి పదకొండు ప్రాంతంలో జరిగిన దాడిని 150 అడుగుల దూరం నుంచి చూశానని ఛార్లెస్ అలెన్ అనే సాక్షి చెప్పాడు. అంత దూరం నుంచి రాత్రిపూట ఎలా కనపడిందంటే, వెన్నెల బాగా ఉందన్నాడు. లింకన్ గద్దించలేదు. వెన్నెల సంగతే మెల్లగా, మళ్లీ మళ్లీ చెప్పించాడు. సాక్షి ఇక ఆ మాట నుంచి పక్కకి జరగలేని స్థితికి వచ్చాక 1857 ఆల్మనాక్, అంటే మన పంచాంగం లాంటి పుస్తకం, బయటికి తీశాడు. ఆ వేళకి చంద్రుడు బాగా కిందికి దిగి, అస్తమించడానికి దగ్గర్లో ఉన్నాడు. జ్యూరీ ఆ కుర్రాడిని వదిలేసింది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు నచ్చేది ఆల్మనాక్ తీసిన ఘట్టం కన్నా దాని ముందరి ఓపిక. చమత్కారం ఉన్న లాయరు తొందరపడి మధ్యలో ఒక జోకు వేసుంటే సాక్షి జాగ్రత్తపడేవాడు. పైగా లింకన్ దగ్గరున్న పుస్తకం లింకన్ వైపు మాట్లాడింది. నా లాయరు ఫైల్లోని కాగితం అవతలి వైపు మాట్లాడేది. అందుకే నా సీనులో ప్రతి ప్రశ్ననీ చాలాసేపు పట్టిపట్టి చూసుకోవలసి వచ్చింది. లాయరు కోర్టుకి అబద్ధం చెప్పకూడదు. "ఆ రాత్రంతా టీవీ మోగుతూనే ఉంది" అని ఒక్క మాట తన నోటితో అన్నా అది అబద్ధమే. కాబట్టి అనడు. సాక్షి చెప్పినవే రెండు నిజాలు పక్కపక్కన పెట్టి కూర్చుంటాడు. మధ్యలో ఉన్న ఖాళీని పూరించవలసింది ప్రాసిక్యూషన్. అవతలి పక్షం పని తను చేసిపెట్టనక్కర్లేదు.

సాయంత్రం ఆ పేజీలు చెల్లెలికి పంపాను. చదివి వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, చెప్పుల దగ్గర పడీపడీ నవ్వాను. కానీ ఆ కరెంటు సంగతి చదివాక నవ్వినందుకు ఏదోలా అనిపించింది. ఇది మోసం కాదూ?"

అలా అనిపించాలనే రాశానని చెప్పాను. దాని ప్రశ్న మాత్రం తేలిగ్గా తీసేయాలనిపించలేదు. ఇంగ్లండులో ఒకప్పుడు పెద్ద నేరాల కేసుల్లో ముద్దాయి తరఫు లాయరు జ్యూరీతో నేరుగా మాట్లాడటానికే వీల్లేదని చెప్పాను. సాక్షుల్ని ప్రశ్నించవచ్చు, చట్టం గురించి వాదించవచ్చు, అంతవరకే. మా వాడు ఎందుకు నిర్దోషో జ్యూరీకి ఉపన్యాసం చెప్పుకునే హక్కు 1836లో చట్టం మారేదాకా లేదు. అంటే చెప్పదలుచుకున్నదంతా ప్రశ్నలోనే ఇరికించాలి. విలియం గారో అనే లాయరు 1780ల్లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో ఆ పనిలో ఆరితేరాడు. డబ్బు కోసం సాక్ష్యం చెప్పేవాళ్లని వెటకారపు ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేవాడు. నేరం రుజువయ్యేవరకు ప్రతి మనిషీ నిర్దోషే అన్న మాటని 1791లో ఒక హత్య కేసులో కోర్టు ముందు నిలబెట్టింది కూడా ఆయనే. నవ్వించే డిఫెన్స్ లాయరు అనే మనిషి సరదా కోసం పుట్టలేదనీ, నోరు సగం కట్టేస్తే మిగిలిన సగంతో పోరాడటంలో పుట్టాడనీ నా నమ్మకం.

"అదంతా సరే. ఆ మెకానిక్ నిజంగా చంపి ఉంటే?"

"చంపాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఇతను చంపలేదని రుజువు చేసుకోనక్కర్లేదు. ఇంగ్లండులో 1935లో వూల్మింగ్టన్ కేసులో ఆ దేశపు పెద్ద కోర్టు తేల్చి చెప్పింది అదే. పైగా నువ్వే చెప్పవే, కరెంటు లేకపోతే చప్పుడు వినపడుతుంది, ఒప్పుకుంటాను. చీకట్లో చెప్పుల చప్పుడు విని ఫలానా మనిషని ఎలా చెబుతారు? కాలీడ్చి నడిచేవాళ్లు ఊళ్లో ఒక్కడే ఉంటాడా?"

అవతల కాసేపు మాట లేదు. అప్పుడు దానికి గిడియన్ సంగతి చెప్పాను. ఫ్లోరిడాలో 1961లో, ఒక పూల్ హాల్లో జొరబడ్డాడని క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడి మీద కేసు పెట్టారు. లాయరుని ఇప్పించమని అడిగితే కోర్టు ఇవ్వలేదు. తన కేసు తనే వాదించుకుని జైలుకి పోయాడు. జైల్లో కూర్చుని పెన్సిలుతో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో కోర్టు అతని వైపే తీర్పు ఇచ్చింది, పేద ముద్దాయికి లాయరుని ఇవ్వవలసిందేనంది. మళ్లీ విచారణ జరిగింది. మొదటిసారి అతన్ని జైలుకి పంపిన ముఖ్య సాక్షే మళ్లీ వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఈసారి ఆ సాక్షిని గట్టిగా ప్రశ్నించడానికి ఒక లాయరు ఉన్నాడు. గంటసేపట్లో జ్యూరీ నిర్దోషి అంది. అడగవలసిన ప్రశ్న అడగవలసిన వేళకి అడిగే మనిషి పక్కన ఉండటానికీ లేకపోవడానికీ ఇంత తేడా. అది తలుచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. ఈ నవల రాస్తున్నది అసలు అందుకే.

చెల్లెలు ఇంకో మాట అంది. చనిపోయిన పెద్దాయన కూతురు సాక్ష్యం చెప్పే సీను చప్పగా ఉందట. "అక్కడ నీ లాయరుకి నోరు పడిపోయిందేంటి? ఒక్క జోకైనా వేయించు."

వేయించను. అక్కడ లాయరు లేచి, నాన్నగారు మీకు ఆఖరిసారి ఎప్పుడు ఫోన్ చేశారమ్మా అని అడుగుతాడు, జవాబు విని కూర్చుంటాడు. సాక్ష్యం ఎంత గట్టిదో అంత వెటకారం చేయవచ్చు, సాక్షి దుఃఖం జోలికి పోకూడదు. ఈ రకం నవలల్లో నన్ను పుస్తకం మూసేయించేది అదొక్కటే, శవం పక్కన కూడా హీరో చమత్కారాలు పోవడం. మాటకారి నోరు మూసుకున్న చోటే అతనికి మనసుందని నమ్ముతాం. తరవాత పేజీలో వాడు మళ్లీ నవ్విస్తే, అప్పుడు ఇంకా దగ్గరగా వింటాం. చెల్లెలు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, ఆ సీను అలాగే ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక మిగిలిన ముక్క రాశాను. క్రాస్ అయిపోయింది. జడ్జిగారు "రీ-ఎగ్జామినేషన్ ఏమైనా ఉందా?" అంటారు. నవల మొత్తంలో ఇక్కడే నాకు ఊపిరి ఆడలేదు. క్రాస్‌లో వచ్చిన చిక్కుల్ని విప్పుకోవడానికి పీపీ గారికి దొరికే అవకాశం ఇదే. కానీ ఆయన చేతులూ కొంత కట్టేసే ఉన్నాయి. క్రాస్ చేసేవాడు జవాబుని ప్రశ్నలోనే పెట్టి అడగవచ్చు. తన సాక్షిని తను అడిగేటప్పుడు ఆ వీలుండదు. "అప్పుడు కరెంటు లేదు కదూ?" అని అందించకూడదు. "చప్పుడు విన్నప్పుడు ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది?" అంటే చాలు, అంత మామూలు ప్రశ్న చాలు, సెక్రటరీకి చీకటి గుర్తొస్తుంది. లాయరు తల వంచుకుని ఫైల్లో లేనిది వెతుకుతున్నాడు.

పీపీ గారు లేచారు. కోర్టులో నవ్వు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. ఆయనకి మొహం కందిపోయింది. తన సాక్షిని వెర్రివాణ్ని చేశారన్న ఉక్రోషం తప్ప ఇంకేదీ తోచడం లేదు.

"సెక్రటరీ గారూ, మీకు వినికిడి లోపం ఏమైనా ఉందా?"

"లేదండీ. భేషుగ్గా వినపడుతుంది."

"ముద్దాయి వేసుకునే చెప్పులు ఎలాంటివి?"

"తోలు చెప్పులండీ. మడమ దగ్గర అరిగిపోయి ఉంటాయి. టపటపమంటాయి."

"అంతే, యువర్ ఆనర్."

చెప్పుల జోకు అక్కడ పనిచేసింది. నవ్వించినందుకు కాదు, పీపీ గారిని చెప్పుల వెంట పంపినందుకు. పొద్దున ఆ జోకు రాస్తున్నప్పుడు ఇది నాకు మసకగా ఉంది. ఆయన "అంతే" అన్నాక స్పష్టంగా కనపడింది, లాయరు ఆ మాట ఆయన కోసమే అన్నాడు.

రాత్రి ఈ ముక్క కూడా పంపాను. ఇప్పుడే చెల్లెలి మెసేజ్ వచ్చింది: "అక్కా, బతికిపోయాడు! మరి ఆ కరెంటు కాగితం?"

రేపటి సాక్షుల లిస్టులో నాలుగో పేరు లైన్‌మన్‌ది అని రాసి పంపించాను.