బీల్‌డేలింగ్‌ని ఎక్కడ విరవాలి?

పోయిన నెల ఓస్లో క్లయింట్‌తో కాల్‌లో నా పరువు పోయింది. స్క్రీన్ మీద ఒక నార్వేజియన్ మాట కనపడగానే, బెంగళూరు మారతహళ్లి గదిలో కూర్చుని ఆరు నెలలుగా ఆ భాష నేర్చుకుంటున్న గర్వంతో "బిల్డెలింగ్" అని చదివేసి, ఓహో ఫోటోలు షేర్ చేసుకునే ఫీచరా అన్నాను. 'బిల్డె' అంటే బొమ్మ కదా మరి! కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన నవ్వాపుకుంటూ "బీల్‌డేలింగ్" అన్నాడు. బీల్ అంటే కారు, డేలింగ్ అంటే పంచుకోవడం. ఫోటోలైతే మధ్యలో ఇంకో 'డె' ఉండాలట, బిల్డెడేలింగ్.

వాళ్లు మాటల్ని ఖాళీ లేకుండా అతికించి రాసేస్తారు, అతుకు కంటికి కనపడదు, చెవికి మాత్రం తెలుస్తుంది. మొదటి మాటని గట్టిగా ఒత్తుతారు, రెండోదాన్ని కాస్త తక్కువగా. మనం ఏ అక్షరాన్నీ అలా ఒత్తి పలకం కాబట్టి నేను అన్నిటినీ ఒకేలా దొర్లించుకుంటూ పోతున్నాను. చివరికి నన్ను ఆదుకున్నది బళ్లో తిట్టుకుంటూ నేర్చుకున్న గురులఘువులు. ఓస్లో వాళ్ల నోట ఒత్తు పడిన చోట ఎప్పుడూ గురువే: అచ్చు దీర్ఘమైనా కావాలి, దాని వెనక హల్లు బరువుగానైనా ఉండాలి. 'బీల్'లో దీర్ఘం, 'బిల్డె'లో ల్డె ముందున్న బి. అంటే తప్పు చోట విరిస్తే దీర్ఘాలు కూడా తారుమారవుతాయన్నమాట.

విడదీసి రాసినా ప్రమాదమే. 'లమ్మెలోర్' అని కలిపితే గొర్రెపిల్ల తొడ మాంసం, రెండు మాటలుగా విడగొట్టి రెండిటినీ సమానంగా ఒత్తితే చచ్చుబడిన తొడలు. ఇది విని మా రూమ్మేట్ "ఇదేం కొత్త రా, ఉగాదికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకావిడ 'మా విడాకులు రెడీ, గుమ్మానికి కట్టడానికి ఎవరైనా వస్తారా' అని పెట్టలేదూ" అన్నాడు. పాపం, ఆవిడ చెప్పింది మావిడాకుల గురించే.

నాకు బాగా నచ్చింది 'ట్రఫిక్కొర్క్'. చివర రెండు 'కె'లున్న ట్రఫిక్, కొర్క్ కలిస్తే స్పెల్లింగులో మూడు 'కె'లు రావాలి, రెండే రాస్తారు, కానీ లైను చివర మాట విరిగితే పోయిన మూడోది తిరిగొస్తుంది. ఒత్తు 'ఫి' మీద, మొదటి అక్షరం మీద కాదు. కొర్క్ అంటే సీసా బిరడా, మొత్తం కలిపితే ట్రాఫిక్ జామ్. సిల్క్ బోర్డు దగ్గర బస్సులో నిలబడి నేర్చుకున్నాను దీన్ని, నలభై నిమిషాలు దొరికాయి మరి.