సుప్రీంకోర్టుకు పోతామంటే..

మా పెదనాన్న పొలం కేసు పని మీద కర్నూలు కోర్టుకు తోడుగా పోయినా. ఇక్కడ ఓడితే సుప్రీంకోర్టు దాకా పోతానని ఆయన పట్టుదల. వకీలుగారు నిదానంగా చెప్పినారు: "అక్కడ ప్రతి కేసూ వినాలని లేదు పెద్దాయనా. రాజ్యాంగంలోని 136వ అధికరణం కింద ముందు అనుమతి అడగాల. ఇస్తారో లేదో వాళ్ల ఇష్టం."

ప్రాథమిక హక్కుకు దెబ్బ తగిలితే మాత్రం 32వ అధికరణం కింద ఎవరైనా నేరుగా పోవచ్చు. రాష్ట్రాల మధ్య, కేంద్రంతో రాష్ట్రానికి తగాదా వస్తే 131 కింద మొదటి విచారణే అక్కడ.

మరి తుంగభద్ర నీళ్లు? నన్ను బాగా ఆలోచనలో పడేసింది ఇదే. రాష్ట్రాల మధ్య నదుల వివాదాలను కోర్టుల పరిధి నుంచి తప్పించే అధికారం 262వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 1956 అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టంతో అవి ట్రిబ్యునళ్లకు, అంటే ఆ తగాదాల కోసమే వేసే ప్రత్యేక న్యాయమండళ్లకు పోయినాయి. అయినా ట్రిబ్యునల్ తీర్పుల మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడుతూనే ఉన్నాయి. తుంగభద్ర నీళ్లు పారే కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి వేసే మా ఊరోళ్లకు ఇవి పుస్తకాల్లో సంగతులు కావు, పంట సంగతులు.

వకీలుగారి ఫైల్లో ఒక సుప్రీంకోర్టు తీర్పు జిరాక్స్ ఉంది. నాలుగు లైన్ల కింద పెన్సిల్ గీత. 141వ అధికరణం ప్రకారం ఆ కోర్టు చెప్పిన చట్టం దేశంలోని కోర్టులన్నిటికీ వర్తిస్తుంది. అది చూసినాక నాకు చాలా ధైర్యం వచ్చింది. పెదనాన్న ఢిల్లీ పోకుండానే ఆ తీర్పు ఆయన తరఫున ఇక్కడ మాట్లాడుతుంది. వచ్చే వాయిదాకు దాన్నే జడ్జిగారి ముందు పెడతారంట.