ముక్క చాల్లేదన్నారు

ఆరు నెలలుగా పొడి దగ్గు. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. డాక్టరుగారు వీపు మీద స్టెత్ పెట్టి విని, వెల్‌క్రో పట్టీ ఊడదీస్తున్న చప్పుడొస్తోందన్నారు. హెచ్‌ఆర్‌సిటి అనే వివరమైన ఛాతీ సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ మసక మచ్చలు. ఐఎల్‌డి అన్నారు, అంటే ఊపిరితిత్తుల గాలి గదుల మధ్య గోడలు వాచి, గట్టిపడే జబ్బు. అది ఒక్క జబ్బు కాదట, వందకు పైగా జబ్బుల ఉమ్మడి ఇంటిపేరు. స్కాన్‌లో తేనెపట్టు ఆకారం స్పష్టంగా కనబడితే చాలామందికి బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్షించడం, అక్కర్లేదట. నాకా అదృష్టం లేదు. అదృష్టం అనకూడదులెండి, తేనెపట్టు ఉంటే జబ్బు ఇంకా మొండిది.

"ఇంట్లో పక్షులున్నాయా?" అనడిగారు. "లేవండీ, మేం పెంచం" అన్నాను.

మొదట మామూలు బ్రాంకోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం (స్కోపు) శ్వాసనాళాల్లోకి దించి చూడటం. గొంతులో చేదు స్ప్రే కొట్టారు. కాసేపటికి ఉమ్ము మింగానో లేదో కూడా తెలియలేదు. కొంచెం సెలైన్ పంపి వెనక్కి లాగారు, చిన్న ఫోర్సెప్స్‌తో ముక్కలు తీశారు. ఒక్కోటి ఆవగింజంత. వారం తర్వాత రిపోర్టు: నిర్ధారణకు చాలదు. ఒళ్లు మండింది. సార్కాయిడోసిస్ (ఒంట్లో చిన్న చిన్న వాపు ముద్దలు కట్టే జబ్బు) లాంటివి శ్వాసనాళాల వెంబడే ఉంటాయి కాబట్టి ఆ కాస్త ముక్కలో దొరుకుతాయట. మిగతావాటికి జబ్బు ఏ తీరులో పరుచుకుందో చూడాలి. చీర డిజైన్ చెప్పమంటే దారప్పోగు చూపిస్తే ఎలా?

ఇక మిగిలినవి రెండు దారులు. ఒకటి ఆపరేషన్: పూర్తి మత్తు, పక్కటెముకల మధ్య రెండు మూడు రంధ్రాలు, ఆ తర్వాత ఛాతీలో గొట్టం. ముక్క మాత్రం పెద్దది. రెండోది క్రయోబయాప్సీ, అంటే స్కోపు ద్వారానే ముక్కను గడ్డకట్టించి తీయడం. అనుభవమున్న చోట ఆపరేషన్‌కు బదులు ఇది చేయవచ్చని 2022లో అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చేర్చారు. డిఎల్‌సిఓ (ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతోందో చెప్పే కొలత) బాగా తక్కువుంటే రెండింటికీ జంకుతారు. నాది 58 శాతం. క్రయోకే ఒప్పుకున్నాను.

నిద్రలో ఉన్నాను కాబట్టి విన్నదే చెబుతున్నా. గ్యాసుతో గడ్డకట్టేంత చల్లబడిన సన్నటి ప్రోబ్ కొనను ఊపిరితిత్తికి ఆనించి, కొన్ని సెకన్లు ఆగుతారు. కణజాలం దానికి అతుక్కుంటుంది. ఒక్క లాగు లాగితే ప్రోబు, స్కోపు, ముక్క అన్నీ కలిసే బయటికొస్తాయి, ముక్క స్కోపు రంధ్రంలో పట్టదు మరి. ఆ కాసేపు లోపల రక్తం కారకుండా నాళంలో ముందే అమర్చిన బుడగ ఉబ్బిస్తారు.

లేచాక కుడివైపు చురుక్కుమంటోంది. రెండు గంటలకు ఎక్స్‌రే: ఊపిరితిత్తి చుట్టూ సన్నగా గాలి చేరింది. అసలు టెన్షన్ అప్పుడు పట్టుకుంది. గొట్టం వేస్తారేమోనని రాత్రంతా ఎదురుచూశాను. ఆక్సిజన్ పెట్టి ఉంచారు, గాలి దానంతటదే తగ్గింది. నర్సమ్మ సీసా చూపించింది. ఫార్మలిన్‌లో శనగబద్దలంత ముక్కలు, మునగకుండా పైన తేలుతున్నాయి. లోపల ఇంకా గాలి ఉందన్నమాట.

ఊపిరితిత్తుల డాక్టరు, స్కాన్ చూసే ఆయన, పాథాలజిస్టు ముగ్గురూ కలిసి కూర్చున్నారు. ముక్కలో చిన్న చిన్న గ్రాన్యులోమాలు (రోగనిరోధక కణాల ముద్దలు), మొదటిసారి సెలైన్‌తో కడిగి లాగిన నీళ్లలో లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు ఎక్కువ. మళ్లీ పిలిచి అదే ప్రశ్న: "పక్షులు?"

అప్పుడు గుర్తొచ్చింది. పడగ్గది ఏసీ పెట్టె వెనక నాలుగేళ్లుగా పావురాలు.

"పెంచం అన్నారు కదండీ."

"పెంచం సార్. అవే ఉంటున్నాయి."

ఆయన పెన్ను కిందపెట్టి నవ్వేశారు. పావురాల రెట్టలు, ఈకల దుమ్ము పీల్చి పడక వచ్చిన ఐఎల్‌డి అని తేల్చారు. స్టెరాయిడ్ రాసిచ్చారు. గూళ్లు తీసి వల కట్టించేదాకా నన్ను ఆ గది వైపు వెళ్లొద్దన్నారు.